మేకపోతు గంట కట్టుకున్న గోపమ్మ

కట్టుకున్న మొగుడి ముఖం గుర్తులేని మనిషికి, గొర్రెపిల్లను చూడగానే దాని తల్లి ఏదో ఎట్లా తెలుస్తుంది? ఎన్నేళ్లు ఆలోచించినా, ఎన్ని పుస్తకాలు తిరగేసినా దీనికి జవాబు దొరకలేదు. ఈ జబ్బులో కొత్త సంగతులు ముందు చెరిగిపోతాయనీ, పాతవి చాలా కాలం నిలుస్తాయనీ డాక్టర్లు రాస్తారు. కావచ్చు. కానీ మొగుడు మాత్రం పాతవాడు కాదా?

మోత్కూరుకు దగ్గర్లో ఉన్న ఆ పల్లెలో గోపమ్మను చూసిన వాళ్లెవరికీ అల్జీమర్స్ అనే మాట తెలియదు. కృష్ణ మీద సాగర్ కట్ట పని నడుస్తున్న రోజులవి. "ముసల్దానికి సోయి తప్పింది" అనేవాళ్లు, అంతే. ఆలేరులో ఒక వైద్యుడికి చూపిస్తే నాడి పట్టుకొని, నాలుక చూసి, "పెద్దతనం గదా, గట్లనే ఉంటది. మంచిగ తిననియ్యి" అని పంపించాడు.

గోపమ్మ నకిరేకల్ వైపు పిల్ల. గొల్ల ఇంట పుట్టి గొల్ల ఇంటనే మెట్టింది. ఏటా కందులు ఇంటికి చేరగానే మంద వెంట కృష్ణ ఒడ్డుకు వలస పోవడం, వానలు పడ్డాక తిరిగి రావడం వాళ్ల బతుకు. కొడుకు గుర్వయ్యను ఆ దారిలోనే, ఎండిన వాగులో గొంగడి పరుచుకొని కన్నది. సాయంత్రం మంద దొడ్డికి చేరే వేళకు, గంపల కింద మూసిపెట్టిన గొర్రెపిల్లలన్నీ ఆకలితో ఒక్కసారిగా గొంతెత్తేవి. ఏ పిల్లను ఏ తల్లికి విడవాలో ఆమె ఒక్క చూపుతో తేల్చేది. మొగుడు ఐలేశం పిల్లను వేరే తల్లి కింద పెట్టి గొర్రె చేత తన్నించుకున్నప్పుడల్లా, "గొర్రెకున్న తెలివి నీకుంటే ఇగ నేనెందుకు?" అని పకపకా నవ్వేది.

మరుపు మొదట చుట్టపుచూపుగానే వచ్చింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. అడిగిందే అడిగేది. ఒకరోజు బావి నుంచి బిందెతో వచ్చి, పక్కింటి పుల్లమ్మ పొయ్యి ముందు కూర్చుని మంట పెట్టి, వాళ్ల బియ్యమే కడిగి ఎసట్లో పోసింది.

"ఓ ఐలేశం బావా! గోపక్క మా ఇంట్ల వంట చేసిపెట్టింది. రోజు పంపియ్యి, పుణ్యముంటది!" అని పుల్లమ్మ గోడ మీంచి కేకేస్తే, వాడంతా నవ్వింది. ఐలేశం కూడా నవ్వాడు.

ఆ చుట్టం తిష్ఠ వేసిందని అతనికి తెలిసింది తర్వాత. ఒక సాయంత్రం ఇంట్లోకి అడుగు పెట్టబోతే గోపమ్మ చేతిలోని చాట అడ్డం పెట్టింది.

"ఎవలయ్యా నువ్వు? సొంతిల్లు లెక్క జొరబడుతున్నవు! మా ఇంటాయన వచ్చే యాళ్లయింది. చూసిండంటే నీ కాళ్లిరుగుతయ్."

"ఓసి పిచ్చిదానా, నేనేనే! నీ ఇంటాయనను నేనే!"

ఎంత అరిచి చెబితే ఆమె అంత వణికింది. చివరికి చాట కింద పడేసి గోడ మూలకు ఒదిగి ఏడ్చింది. కోడలు సైదమ్మ వచ్చి అత్త భుజం నిమిరి, మామను పక్కకు పిలిచింది.

"మామా, కొట్లాడితే గుర్తుకొస్తదా? గుర్తులేనోళ్లను ఎందుకు గుర్తులేదని కొట్లాడుడేంది? ఆ ఇంటాయనెట్లుంటడో అడుగరాదు, మంచిగ చెప్తది."

ఐలేశం బయట అరుగు మీద కూర్చుని, పరాయివాడిలా గొంతు సవరించుకొని అడిగాడు.

"మా ఇంటాయనా?" గోపమ్మ కళ్లు తుడుచుకుంది. "నల్లగ, నిలువెత్తు మనిషి. గొంగడి భుజానేసుకొని నడిచిండంటే తొవ్వంత ఆయనదే. కోపం జాస్తి గని, మనసు ఎన్నపూస. నువ్వేమనుకున్నవ్!"

అంత కాపురంలో పెండ్లాం నోట అంత పొగడ్త ఐలేశం ఎన్నడూ వినలేదు. చెవులు వేడెక్కాయి. ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే అరుగు మీద చేరి, "ఇంకేం చేసిండమ్మా మీ ఇంటాయన?" అని అడగడం అతనికి అలవాటైంది. ఆమె చెప్పే ఆ పడుచువాడి మీద ఒక్కోసారి అసూయ కూడా పుట్టేది.

అయితే వలస దగ్గర పడుతున్నది. మోకాళ్లు పట్టేసిన ఐలేశం ఆ ఏడు నడవలేడు. గుర్వయ్య, సైదమ్మ మందతో పోతారు. తమ్ముడి కోడలు పొరుగునే ఉండి ఇంత వండి పెడుతుంది. గోపమ్మ మాత్రం తన దగ్గరే ఉండాలని అతని పంతం. వానాకాలం దాకా కంటికి కనిపించకపోతే, ఆ నిలువెత్తు మనిషి కూడా ఆమెలోంచి జారిపోతాడని అతని భయం. అడ్డంకి ఒక్కటే. పొద్దుగూకితే గోపమ్మ ఇంట్లో నిలవదు. "మా అమ్మ ఎదురుచూస్తది, ఇంటికి పోవాలె" అని బయలుదేరుతుంది. ఆ అమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది. గొళ్లెం పెడితే అరచేతులు ఎర్రబడేదాకా తలుపు బాదుతుంది.

ఐలేశానికి ఒక ఉపాయం తోచింది. మంద ముందు నడిచే మేకపోతును ఆ చలికాలం తోడేళ్లు చంపాయి. దాని మెడలోని కంచుగంట చూరుకు ఊరికే వేలాడుతున్నది. అది తీసి, తాడు మార్చి, గోపమ్మ నడుముకు కట్టాడు.

"నాయినా, అమ్మకు గంట కడ్తవా?" అని గుర్వయ్య నోరు వెళ్లబెట్టాడు.

"యాడికి పోయినా ఇనబడతది రా. నా కాళ్లు పోతే పోయినయ్, చెవులున్నయ్ గద!"

గోపమ్మకు గంట తెగ నచ్చింది. ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి మోగించుకొని మురిసిపోయింది. ఐలేశం తన తెలివిని తానే మెచ్చుకున్నాడు. ఆ గంట ఎవరి మెడలోదో గొర్రెలకు బాగా గుర్తుందన్న సంగతి మాత్రం, పుట్టు గొల్లవాడై ఉండి, అతనికి తట్టలేదు.

మర్నాడు పొద్దున గుర్వయ్య దొడ్డి తడిక తీసి, అంబలి తాగడానికి ఇంట్లోకి పోయాడు. అదే సమయానికి గోపమ్మ వీధిలోకి దిగింది. గంట గణగణమన్నది. దొడ్డిలో ఒక గొర్రె తలెత్తింది. దాని పక్కది చెవులు రిక్కించింది. అంతే! కట్ట తెగిన చెరువులా మందంతా వీధిలోకి దూకి ఆమె వెంట పడింది. గంపలు దొర్లించుకొని పిల్లలు కూడా బయటపడ్డాయి.

ఊరు ఊరంతా గోడలెక్కింది. ముందు గోపమ్మ, కొంగు బిగించి, చెయ్యి ఊపుకుంటూ, నకిరేకల్ దిక్కుకు, అమ్మ ఇంటికి. వెనుక వీధి నిండా గొర్రెలు. వాటి వెనుక అంబలి మూతితో గుర్వయ్య. అందరికంటే వెనుక, కర్ర పోటేసుకుంటూ, ఒక్కో అడుగుకు ఒక్కో తిట్టు తిడుతూ ఐలేశం. గుర్వయ్య ఎంత అదిలించినా ఒక్క గొర్రె వినలేదు. వాడు పరుగెత్తితే గోపమ్మ బెదిరి ఇంకా వడిగా నడిచేది. ఆమె నడక పెంచితే మంద నడక పెరిగేది. ఊరి బయట పర్వతాలు అనే రైతుది, కాయ మీదున్న కందిచేను. గోపమ్మ దానికి అడ్డంగా దారి తీసింది.

"ఓ ఐలేశం మామా!" పర్వతాలు మంచె మీద గంతులేశాడు. "నీ పెండ్లాం నా చేనంత మేపుతాంది! ఆపవయ్యా, ఆపు!"

"నా మాట ఎప్పుడిన్నదిరా, ఇప్పుడినడానికి!" అని ఐలేశం అక్కడి నుంచే అరిచాడు.

ఆపింది సైదమ్మ. అడ్డదారిన ఉరికి, చేను అవతల గట్టు మీద అత్తకు ఎదురై, చెయ్యి పట్టుకోకుండా పక్కనే నడుస్తూ మామూలుగా అన్నది: "అత్తా, మంద దప్పికతోని ఉన్నది. బాయికాడికి తోలుదామా?"

గోపమ్మ టక్కున నిలబడింది. వెనక్కి తిరిగి మందను చూసింది. ఆమె ముఖం ఎట్లా విచ్చుకుందో సైదమ్మ తర్వాత ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

"నాకు తెల్వదా? నువ్వు చెప్పాల్నా!" అని కోడలిని గదమాయించి, గొంతు విప్పి "హొయ్... హొర్రో!" అని కేకేసింది. ఏళ్లుగా ఎవరూ వినని కేక! మంద ఒక్క మలుపులో తిరిగి, చేనులోంచి బయటపడి, ఆమె వెంట బావి దగ్గరికి చేరింది. అక్కడ పిల్లలు తల్లుల కోసం చెల్లాచెదురుగా అరుస్తుంటే, గోపమ్మ ఒక్కొక్కదాన్ని చంకనెత్తి, మూతి చూసి, తీసుకుపోయి తల్లి కింద విడిచింది. ఒక్క గొర్రె తన్నలేదు. అప్పుడే కుంటుతూ చేరుకున్న ఐలేశం కర్ర ఎత్తి, "చూసిన్రా! మా ఇంటిది! చూసిన్రా!" అని కనిపించిన వాళ్లందరితో అన్నాడు. గోపమ్మ మాత్రం ఈ గోల చేసే ముసలాయన ఎవరని కోడలిని అడిగింది.

పర్వతాలుకు సర్దిచెప్పాల్సి వచ్చింది. కంది కోశాక అతని చేనులో రాత్రుళ్లు మంద పడుకుంటుందనీ, ఎరువంతా అతనిదేననీ ఒప్పందం.

"సరే మామా. గని మందను అత్తనే తోల్కరావాలె. చూడ ముచ్చటగున్నది," అన్నాడు పర్వతాలు.

ఆ సాయంత్రం గోపమ్మ అమ్మ మాట ఎత్తలేదు. కడుపు నిండా తిని, కూర్చున్న చోటే కునుకు తీసింది. తెల్లారి మళ్లీ అడిగిందే అడిగింది, మళ్లీ మొగుణ్ణి పరాయివాడిలానే చూసింది. జబ్బు ఎక్కడికీ పోలేదు. కానీ మందతో తిరిగిన రోజు ఆమెకు బెదురు లేదు, ఏడుపు లేదు.

"మామా, అత్తను నాతోని తోల్కపోత," అన్నది సైదమ్మ.

"మంద ముందల ముసలామెనా? ఊర్లల్ల నవ్వరా?" అన్నాడు గుర్వయ్య.

"నవ్వనీ. ఏడ్సుడు కంటె నయం గదా."

ఐలేశం ససేమిరా అన్నాడు. అది తన ఇంటి మనిషి, తన కళ్లెదుటే ఉంటుంది. పంతం నెగ్గించుకోవడానికి ఒకరోజు గంట విప్పి, ఆమెను ఇంట్లో ఉంచి గొళ్లెం పెట్టాడు. మంద మేతకు పోయిన చప్పుడు విన్న దగ్గర్నుంచి గోపమ్మ తలుపు వదలలేదు. ఇంటాయన కబుర్లు చెప్పమంటే చెప్పలేదు, అన్నం ముట్టలేదు. సన్నగా, గంప కింది పిల్లలా ఒకే తీరుగా అరుస్తూ కూర్చుంది. మధ్యాహ్నానికి ఐలేశమే లేచి గొళ్లెం తీశాడు. సాయంత్రం కోడలితో ఒక్క మాటే అన్నాడు: "తోల్కపోవే."

వలస పొద్దున దొడ్డి ముందు పెండ్లివారి సందడి. పుల్లమ్మ పసుపునీళ్లు చల్లింది. గాడిద మీద గిన్నెలు, గొంగళ్లు ఎక్కాయి. ఐలేశం కొత్త రుమాలు చుట్టి, మోకాళ్ల నొప్పి మరిచి అటూ ఇటూ తిరుగుతూ కోడలి ప్రాణం తీశాడు.

"ఎండల తిప్పకు. పొద్దుగూకంగ పక్కన కూసో. అమ్మ అంటే, రేపు పోదామను. వాగుకాడ చెయ్యి ఇడువకు."

"నువ్వే వచ్చేటట్టున్నవు గద మామా!" అని సైదమ్మ నవ్వింది.

తడిక తీశారు. గోపమ్మ నడుము గంటతో, చేతికర్రతో ముందుకొచ్చింది. ఐలేశం ఆమె దారిలో, రుమాలు సరిచేసుకొని నిలబడ్డాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది.

"జరుగయ్యా. మంద వస్తాంది," అన్నది.

ఐలేశం గోడకు ఒదిగాడు. మంద అతని మోకాళ్లు రాసుకుంటూ పొంగి సాగింది. "ఎడమకు! ఎడమకు మళ్లియ్యి! హొర్రో!" అని అతను దుమ్ములోకి గొంతు చించుకున్నాడు. ముందు పోతున్న మనిషి ఎడమకు మళ్లింది, ఒక్కసారి కూడా వెనుదిరగకుండా, పోయొస్తనన్న మాట లేకుండా, బాటెక్కి వెళ్లిపోయింది.