మరల డ్రమ్ము

నా చిన్నప్పుడు మా రబ్బరు తోటలో పెద్ద చప్పుడు వినబడితే పిల్లలం వెంటనే నేలమీద బోర్లా పడుకోవాలి. మలయాలో అది ఎమర్జెన్సీ కాలం, అడవుల్లోని కమ్యూనిస్టు గెరిల్లాలతో బ్రిటిష్ సర్కారు పోరాడుతున్న రోజులు. కూలీలుండే లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర తుపాకులతో కాపలావాళ్ళు.

ఆ కంచె లోపలే మా చిన్నాన్న ఒక బ్యాండు కట్టాడు. మా పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న తప్పెటగుళ్ళకు మలాయివాళ్ళు వాయించే అకార్డియన్నీ, మరలతో బిగించే తెల్లవాళ్ళ డ్రమ్మునీ జతచేశాడు. "ఇదేటి, పెళ్ళా, సర్కసా?" అని పిన్ని వెక్కిరించేది. వెక్కిరిస్తూనే కాలు ఆడించేది. మెర్డెకా నాడు, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చే రోజున, తోట మైదానంలో వాయించాలన్నది చిన్నాన్న ఆశ. దొర ఒప్పుకున్నాడు కూడా.

ముందురోజు మధ్యాహ్నం వాన పడింది. తప్పెట తోలు చెమ్మగిల్లితే మంట దగ్గర కాచి బిగువు తెస్తారు. సాయం చేస్తున్నాననుకుని, ఎవరూ చెప్పకుండానే, ఎవరూ చూడనప్పుడు, నేను ఆ డ్రమ్మును కూడా కాచాను. అది అప్పటికే మరలతో బిగిసి ఉన్న తోలు. తుపాకీ పేలినట్టు పగిలింది.

అందరూ నేలకు కరుచుకున్నారు. కాపలావాడు పరుగున వచ్చి "సియాపా?" అని అరిచాడు. ఎవరని అడుగుతున్నాడు. నేను నేలకే అతుక్కున్నాను. చిన్నాన్న చేతులెత్తి లేచి, "సాయా, తువాన్! నేనే, అయ్యా! డ్రమ్ము, డ్రమ్ము!" అన్నాడు. బెదిరిపోయిన కాపలావాడు తుపాకీ మడమతో ఆయన మణికట్టు మీద కొట్టాడు.

మర్నాడు కట్టు కట్టిన చేత్తో వచ్చి చిన్నాన్న తన తప్పెట నా మెడలో వేశాడు. నేను ఆయన కట్టు వైపే చూశాను.

"ఏటి సూస్తావురా? నీ సేతులు బాగున్నాయి గదా. వాయించు."

వాయించాను. జనం చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యి మాత్రం మళ్ళీ తప్పెటకు పనికిరాలేదు. డ్రమ్ము కాచింది నేనేనని ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏళ్ళకు ఏళ్ళున్నాయి. చెప్పలేదు.

చిన్నాన్న పోయాక, క్లాంగ్ పట్నంలో పెద్దకర్మ నాడు, పిన్ని దగ్గర కూర్చుని చెప్పి ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది.

"డ్రమ్ము కాసింది నువ్వేనని ఆ దినమే సెప్పినాడురా నాకు. ఆడే వచ్చి సెప్తాడు, నువ్వు అడగొద్దు అన్నాడు. పోయేదాకా ఎదురు సూసినాడు."

ఇప్పుడు చిన్న తప్పు చేసినా పొద్దుగూకేలోగా ఒప్పేసుకుంటాను. మా ఇంట్లోవాళ్ళు అది నా మంచితనం అనుకుంటారు. కాదు. నా మాట కోసం ఎవరూ అంతకాలం ఎదురుచూడకూడదని.