గేటు మీటింగులో చేతులెత్తే వేళ

ఏప్రిల్ మొదటి ఆదివారం: పటాన్‌చెరు దగ్గరి ఇంద్రేశంలోని మా కాలనీ సంఘం వారు ఫోనులోని కాలనీ గ్రూపు నుండి కిరాయిదారులందరినీ తొలగించారు. అది ఇళ్ళ యజమానులకు మాత్రమేనట.

మే రెండవ ఆదివారం: మా మేడమీద కిరాయికి ఉంటున్న ఒడిశా దంపతులలో భర్త సంఘం సమావేశంలో లేచి మంచినీటి గురించి ఏదో చెప్పబోతే కూర్చోబెట్టారు. ఆయన హిందీలో మాట్లాడడమే అభ్యంతరమన్నారు. కూర్చోబెట్టినవారు ఫ్యాక్టరీలలో పగలంతా హిందీలోనే పని చేయించుకుంటారు.

జూన్ చివరి ఆదివారం: వేరే రాష్ట్రాల వారికి ఇళ్ళు ఇవ్వరాదని, ఇప్పుడున్న వారు జులై నెలాఖరులోగా ఖాళీ చేయాలని తీర్మానం చదివారు. చదవడం పూర్తి కాకముందే చేతులు లేచాయి. ఎవరి గురించి చదివారో వారిలో ఒక్కరూ అక్కడ లేరు. నా అభ్యంతరాన్ని రాసుకోమన్నాను. వారు రాసుకోలేదు కనుక నేనే ఇక్కడ రాస్తున్నాను.

మరునాడు పొద్దున మేడమీది ఇల్లాలు సగం మెట్లు దిగి, ఇక్కడే నేర్చుకున్న తెలుగులో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "తాతా, పిల్లకు బడిల టీసీ అడగాల్నా?" ఆ పిల్ల పటాన్‌చెరులో పుట్టింది, తెలుగు బడిలో చదువుతోంది, ఆ ఇంట్లో నాతో అందరికంటే ఎక్కువగా వాదించేది కూడా అదే. కొన్నాళ్ళు ఆగమ్మా అన్నాను. ఆ మాట నా నోట రాగానే మా మేనమామ గుర్తుకొచ్చాడు. జనాన్ని ఆగమనడంలోనే ఆయన సగం జీవితం గడిచింది.

నా ఈడు వారికి ఆనాటి పటాన్‌చెరు గుర్తుండే ఉంటుంది. హత్నూర వైపు మా ఊళ్ళో బావులు ఒకదాని వెనుక ఒకటి అడుగంటితే, భూమి ఉన్న ఇళ్ళ పిల్లలం కంపెనీ బాట పట్టాము. ఆ రోజుల్లో అలా వెళ్ళడం కొంత నామోషీ, అందుకే పెళ్ళిళ్ళలో చుట్టాలెవరైనా అడిగితే మా అమ్మ, కొడుకు కూలికి పోయాడనకుండా నౌకరి దొరికిందని చెప్పేది. జోగిపేట దగ్గర ఉండే మా మేనమామ అప్పటికే ఇనుము కరిగించి పోతపోసే ఒక ఫ్యాక్టరీలో చేరి, కార్మికుల నాయకుడయ్యాడు. నన్ను తీసుకెళ్ళి అక్కడే చేర్పించాడు. నేను కూడా పటాన్‌చెరులో కిరాయి గదిలోనే ఉండేవాణ్ణి. ఇల్లుగల ఆమె నా ఊరు, కులం అడిగి, జవాబు నచ్చాకే తాళంచెవి ఇచ్చింది.

క్యాంటీనులో పొడుగాటి బెంచీలు ఉండేవి. మా ఊళ్ళో మా పొలాల్లో కూలి చేసిన ఇళ్ళవాళ్ళు, బీహారు నుండి వచ్చినవాళ్ళు, కొలిమి దగ్గర పనిచేసే ఒడిశా వాళ్ళు, సంగారెడ్డి నుండి సైకిళ్ళ మీద వచ్చే తురక సోదరులు, అందరమూ ఆ బెంచీల మీదే మోచేతులు తగులుతుండగా తినేవాళ్ళం. మా ఊరివాళ్ళలో కొందరు నా పక్కన కూర్చుని తినడం అదే మొదలు. మొదటి వారం వారికీ ముద్ద దిగలేదు, నాకూ దిగలేదు. తరువాత ఆకలి ఆ సంగతి చూసుకుంది.

ఏ విషయమైనా షిఫ్టు విడిచాక గేటు ముందు నిలబడి తేల్చుకోవడం మా పద్ధతి. ముందు మా మేనమామ తెలుగులో చెప్పేవాడు. తరువాత, అందరూ చాచా అని పిలిచే క్రేను నడిపే పెద్దమనిషి అదే సంగతి హిందీలో చెప్పేవాడు. చివరగా కొలిమి దగ్గరి భాయి ఒడియాలో చెప్పేవాడు. ఆయన నోరు మూసేదాకా ఎవరూ చెయ్యి లేపకూడదు. ఎండలో కాళ్ళు కాలేవి, ఊరికి పోయే రోజైతే బస్సు తప్పిపోయేది, చాచా చిన్న మాటను కూడా ఖవ్వాలీలా సాగదీసేవాడు, మేము గొణుక్కుంటూనే నిలబడేవాళ్ళం.

ఒకసారి క్యాంటీను వాళ్ళు రాత్రి షిఫ్టుకు అన్నం, రొట్టె రెండూ వండలేమని, ఏదో ఒకటే చెప్పమని అడిగారు. మా మేనమామ తెలుగులో చెప్పడం అయిందో లేదో, మాతోపాటే పనిచేసే ఆయన పెద్దల్లుడే అన్నానికి చెయ్యి ఎత్తేశాడు.

"చెయ్యి దించు అల్లుడా. సగం మందికి ఇంక మాటే ముట్టలే. వినకముందు లేపిన చెయ్యి ఈగలు తోలుకోనీకె పనికొస్తది, ఓటుకు గాదు."

"వాళ్ళకేమన్న పిల్లనిచ్చినవా మామా, గింత ఆగుడు?"

"నీకిచ్చినందుకే పరేషాన్ల ఉన్న. నిలవడు."

అందరూ నవ్వారు. మూడు భాషలూ అయ్యాక బీహారు వాళ్ళు రొట్టె ఎందుకు కావాలో చెప్పుకున్నారు, మేము విన్నాము, చేతులు లెక్కపెడితే అన్నమే గెలిచింది. అక్కడితో ఆగి ఉంటే ఈ సంగతి నాకు ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు. గెలిచిన ఊపులో పెద్దల్లుడు, రొట్టెలు కావాలన్నోళ్ళు డబ్బాలు తెచ్చుకుని సైకిళ్ళ షెడ్డు కింద కూర్చుని తినాలె, దీనికి కూడా చేతులెత్తండని అరిచాడు. తమాషాకే అన్నాడేమో తెలియదు, కాని మావాళ్ళ చేతులు నిజంగానే లేవసాగాయి.

మా మేనమామ అప్పుడు గొంతు పెంచలేదు. "కూర ఏందో ఓటుకు పెడ్త. మనిషి ఏడ కూసోవాల్నో పెట్ట. మనూర్ల ఎవర్ని ఏ అరుగు ఎక్కనియ్యలేదో జెర యాదికి తెచ్చుకో, అటెన్క చెయ్యి లేపు."

ఆ మాటను చాచా హిందీలోకి మార్చలేదు. మా ఊరి కూలి ఇళ్ళ నుండి వచ్చినవాళ్ళు తల వంచుకోకుండా మా వైపే చూస్తూ నిలబడ్డారు. లేచిన చేతులు, పెద్దల్లుడి చెయ్యితో సహా, ఒక్కటొక్కటిగా దిగిపోయాయి.

ఓడినవాళ్ళు మరునాడు రాత్రి అదే బెంచీ మీద కూర్చుని, పప్పుచారు పులుపెక్కువైందని మొహాలు ముడుచుకుంటూ అన్నం తిన్నారు. క్యాంటీను కమిటీకి మళ్ళీ ఎన్నికలు వచ్చినప్పుడు తమలో ఒకరిని నిలబెట్టి గెలిపించుకున్నారు. అతనికి ఓటేసినవారిలో నేనూ ఉన్నాను. పౌరుడనే మాటకు అర్థం నేను పుస్తకాలలో చదివింది తక్కువ. ఓడిపోయినవాడు కూడా మరునాడు తన చోటులోనే కూర్చోగలగడం ఒకటి ఉన్నదని, మిగిలినదంతా దాని మీదే నిలబడుతుందని ఆ గేటు దగ్గర తెలుసుకున్నాను.

మా మేనమామ పోయాడు. ఫ్యాక్టరీ మూతపడి, ఆ స్థలం ప్లాట్లయింది. అప్పుడు మాకు చదువు తక్కువ, ఇరుకు ఎక్కువ, ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఎండలో నిలబడి ఎదుటివాడికి మాట చేరేదాకా కాచుకునే ఓపిక ఉండేది. ఇప్పుడు మా కాలనీలో అందరికీ అన్ని భాషలూ కొద్దికొద్దిగా వచ్చు, నిలబడడానికి ఫ్యాను కింద నీడ ఉంది, ఆ ఓపికే ఎటు పోయిందో తెలియదు. బస్సు తప్పిపోయిన ఆ సాయంత్రాలను నేను ఒకప్పుడు తిట్టుకున్నాను. ఈ వయసులో అవే కావాలనిపిస్తున్నాయి.

కావున ఈ వ్యాసం ప్రతిని పంపుతూ, కాలనీ సంఘం అధ్యక్షులవారిని అడుగుతున్నాను. ఈ దేశ పౌరునికి ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం ఇచ్చి ఉండగా, దానిని చేతులెత్తి తీసివేసే అధికారం సంఘానికి ఎవరు ఇచ్చారు? ఆ తీర్మానం ఏ నిబంధన కింద చేశారు? దానిని ఎప్పుడు రద్దు చేస్తారు? నా మేడమీది కుటుంబం జులై తరువాత కూడా నా ఇంట్లోనే ఉంటుంది, అందుకు బాధ్యుణ్ణి నేనే. పై మూడు ప్రశ్నలకు, జూన్ చివరి ఆదివారం చేతులెత్తిన సభ్యులందరి సంతకాలతో, జులై నెలాఖరులోగా లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలసిందని డిమాండ్ చేస్తున్నాను. నోటిమాటగా చెప్పినదాన్ని సమాధానంగా స్వీకరించను.