చాట గుజ్జు మెత్తిన విమానం

మా చిన్నప్పుడు... మానుకోటలో మా వాకిట్లో నులక మంచం మీద ఒక విమానం ఎండుతూ ఉండేది. మంచమంత పొడవు. వెదురు బద్దలు వంచి, దారంతో కట్టి మా అక్క చేసింది. అక్క అప్పుడు తొమ్మిదో తరగతి.

వరంగల్‌లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉందని, సోమవారానికి విమానం చక్కగా తయారైతే బడి తరఫున దాన్నే పంపుతామని టీచరమ్మ చెప్పింది. లేదంటే ఇంకో అమ్మాయి చేసిన నీటి చక్రం పోతుంది. అక్కకు ఆ వారమంతా అన్నం సయించలేదు...

బద్దల మీద అంటించిన పాత పేపర్లు ఊరికే చిరిగిపోయేవి. అది చూసి అమ్మ చాట గుజ్జు చేసింది. కొత్త చాట కొంటే మా ఇళ్ళలో అట్లాగే వాడేవారు కాదు... చిత్తు కాగితాలు, మెంతులు నానబెట్టి, రోట్లో రుబ్బి, నూకలు జారిపోకుండా చాట లోపల మెత్తి ఎండబెట్టేవారు. అమ్మ చేతికి బాగా అలవాటైన పని. విమానానికీ అదే గుజ్జు మెత్తింది. వాకిలంతా మెంతుల వాసన...

శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి రెక్కలు రెండూ పైకి ముడుచుకుని ఉన్నాయి.

పక్కింటి అవ్వ గోడ మీది నుంచి చూసింది. చూసి ఊరుకుంటుందా?

"ఏందే పిల్లా, విమానమంటివి... గిది చాటనే గదనే! దీంట్ల వడ్లు చెరుగుతవా, బియ్యం చెరుగుతవా?"

అక్కకు ఏడుపు ఆగలేదు. "అంత నీ వల్లనే అమ్మా... గిట్ల వంకర రెక్కలుంటే మా టీచర్ పంపుతదా?"

అమ్మ రెక్కను కాసేపు అటూ ఇటూ చూసింది.

"అవు బిడ్డా, నాదే తప్పు. చాటకైతే ఒక్క దిక్కే మెత్తుతం. గా అలవాటుల దీనికి గూడ పైననే మెత్తిన. ఎండంగనే గుంజుకున్నది. కింద గూడ మెత్తితే రెండు దిక్కులా గుంజి సక్కగైతది."

"కాకపోతే?"

"ఆంజనేయస్వామికి మొక్కు. ఎగిరేటోల్ల బాధ ఆయనకే ఎరుక."

మరునాడు శనివారం, అమ్మకు ఒక్కపొద్దు. గుడికి పోయి వచ్చి, తడిగుడ్డ కప్పి రెక్కలను మెత్తబరిచింది. కింది వైపు గుజ్జు మెత్తింది. ఇక ఎండలోనే పీట వేసుకుని కూర్చుంది. ఒక పక్క ఆరగానే ఇంకో పక్కకు, వడియాలు తిప్పినట్టు తిప్పుతూనే ఉంది... పెదవులు మాత్రం స్వామి నామం పలుకుతూ ఉన్నాయి. అక్క గడపలో కూర్చుని రెక్కల వంకే చూస్తోంది. పొద్దు వాలేసరికి రెక్కలు సాపు అయ్యాయి.

ఆదివారం రంగు వేశాం. ట్రంకు పెట్టెలకు వేసే వెండి రంగు. ముక్కుకు ఎరుపు. పెన్సిల్ వెనక కొనను నల్ల రంగులో ముంచి కిటికీలు నేను అద్దాను. ఒక వైపు బోలెడు, ఇంకో వైపు కొన్నే వచ్చాయి.

"గీ దిక్కు కూసున్నోల్లు ఏం పాపం చేసిన్రే?" అని అక్క నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు.

సోమవారం టీచరమ్మ వంగి, ఒక కన్ను మూసి రెక్కలను చూసింది. "పంపుదాం" అంది. అంతే.

వరంగల్‌లో బహుమతి ఏమీ రాలేదు. తిరిగొచ్చిన అక్కను అమ్మ బహుమతి గురించి అడగలేదు.

"రెక్కలు వంగినయా?"

"వంగలే అమ్మా."

"గంతే సాలు తియ్."

మొన్న హైదరాబాద్‌లో అక్క వాళ్ళింటికి పోయాను. అక్క కొడుకు ఉద్యోగం నుంచి వచ్చాక తన గదిలో పెద్ద విమానం కిట్ చేస్తున్నాడు. ముక్కలకు నంబర్లు, చిన్న చిన్న సీసాల్లో రంగులు, జిగురు... అన్నీ పెట్టెలోనే వచ్చాయట. నిజం చెప్పాలంటే చాలా అందంగా ఉంది. రెక్క అతికిస్తుంటే పక్కన నిలబడి అడిగాను.

"జర పట్టుకోవాల్నా బిడ్డా?"

"వద్దు చిన్నమ్మా, క్లిప్పులున్నయి" అన్నాడు, ప్రేమగానే.

రెక్క కదలకుండా అతుక్కుంది. నేను కాసేపు చూసి, అక్క దగ్గరికి వంటింట్లోకి వచ్చేశాను...

మీ ఇళ్ళలో ఒకరు మొదలుపెడితే ఇల్లంతా వచ్చి చెయ్యి వేసిన పని ఏదైనా గుర్తుందా? ఉంటే రాయండి... చదువుకుంటాను.