నార్వే బంగ్లాకు ఏసీ, మాకు ఖురూజ్

మా చిన్నప్పుడు... సౌదీల తబూక్ దగ్గర ద్రాక్షతోటల మాదొక రేకుల రూము. ఎదురుంగ తోట ఓనరు, మాకు వీసా ఇచ్చిన కఫీల్ కట్టించిన నార్వే బంగ్లా. మనిషి పురుగు లేని ఆ బంగ్లాల రాత్రింబగళ్లు ఏసీ నడిచేది... మా రూముల పాత విండో ఏసీకి గాలి కంటె సప్పుడే ఎక్కువ.

నిన్న ఇక్కడనే, ఈ గ్రూపుల ఎవరో నార్వే జమీందార్ల పాత బంగ్లాల ఫోటోలు పెట్టిండ్రు. కింద అందరు "ఆహా... స్వర్గం" అనుకుంట లవ్వు గుర్తులు. నాకైతే అరికాలి మంట నెత్తికెక్కింది.

మా కఫీల్ గూడ గట్లనే మోజు పడ్డడు. ఆ దేశం పోయి అసుంటి బంగ్లా సూసొచ్చి, అచ్చం అట్లనే కట్టెతోని కట్టించిండు. తెల్ల రంగు, వరుసగ పొడుగు కిటికీలు, మంచు జారిపోవాలెనని నిటారు కప్పు... మా తోటల మంచెక్కడిదయ్యా! చలికాలం సుట్టాలను తోల్కొచ్చి ఫోటోలు దిగి పోయేటోడు. అప్పుడు మేం పిల్లలం బయట కనబడొద్దు.

వేడికి కట్టె పగుల్తదని ఆ ఏసీ. దాన్ని సూసుకునుడే మా నాయిన పని. జగిత్యాల కెల్లి పోయిన ఏసీ మెకానిక్ ఆయన.

సౌదీ వాళ్లకే కొలువులియ్యాలెనని నితాఖత్ రూలు పెట్టి తోటల కొందరిని అప్పటికే పంపిచ్చిండ్రు. అంతల లెవీ పన్ను వచ్చింది... ఇకామా, అంటె ఆడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కావాలంటె పెండ్లాం పిల్లల మీద ఏడాదిది ముందే కట్టాలె. నాయిన జీతంల అయ్యేటిది గాదు. కఫీల్ కడితె అమ్మా నేను ఉంటం, లేకుంటె ఇంటికే. అమ్మకు నిద్ర లేదు. నాయినది మాత్రం ఒకటే మాట, "బంగ్లాను పాణం లెక్క సూసుకుంటున్న... మనల్ని ఇడిసిపెట్టడు."

ఆ ఎండాకాలమే బంగ్లా దర్వాజ పక్క కంబానికి సన్నటి పగులు వచ్చింది. ఎవ్వరు సూడలే. నాయిననే ఉరికిపోయి ముదీర్‌కు చెప్పిండు. ముదీర్ అంటే తోట మేనేజర్, మన హైదరాబాదాయనే. ఇంత కనిపెట్టుకోని ఉంటున్నమని తెలిస్తె కఫీల్ మనసు కరుగుతదని నాయిన ఆశ.

వారం తిరగకముందే ముదీర్ రూముకొచ్చిండు.

"మల్లేశం భాయ్, పగులు సంగతి చెప్పి మంచి పని చేసినవ్. కఫీల్ ఖుషీ అయిండు. బంగ్లాకు ఇంకిన్ని ఏసీలు పెట్టమన్నడు... గా ఖర్చుల మధ్య ఫ్యామిలీల లెవీ కట్టుడు కాదన్నడు. ఖురూజ్ కొట్టిస్త, మీ ఆడోళ్లను పంపియ్యి."

ఖురూజ్ అంటె దేశం ఇడిసిపొయ్యే వీసా ముద్ర. అమ్మ ఊకుంటదా? "ఆ కట్టెకున్న ఇజ్జత్ నా బిడ్డకు లేదా సాబ్? మీ కఫీల్ ఇల్లు కూల!" అన్నది. ముదీర్ తల దించుకోని పోయిండు.

మేం పొయ్యేనాడు నాయిన ఏర్‌పోర్టుకు రాలే. రానియ్యలే. కొత్త ఏసీలు దిగినయ్, ఆ రోజే బిగించాలెనట. నేను కారెక్కుతుంటె నిచ్చెన మీదికెల్లే చెయ్యూపిండు... "నాయినా, దిగి రా" అని ఒర్లిన. దిగలే. కింద ముదీర్ నిలబడి ఉన్నడు.

ఆ ఇల్లంటె నాకు ఇప్పటికీ కోపమే. దాచుకునేది ఏం లేదు.

పెద్దిండ్ల ఎనుక రూములల్ల పెరిగినోళ్లు ఎవరన్న ఉంటె మీ ముచ్చట కింద రాయుండ్రి. "ఎంత అందమైన ఇల్లో" అనేటోళ్లు మాత్రం నా జోలికి రాకుండ్రి...

బంగ్లా ఇప్పటికి సల్లగనే ఉన్నదట. నాయిన అక్కడనే ఉన్నడు. ఆయన నెత్తి తెల్లబడుడు నేను ఫోన్‌లనే చూసిన.