ఆరూ పది బస్సులో పద్నాలుగు తలలు

మా ఆమోసు పద్నాలుగుమంది చచ్చిపోయినవాళ్ళని ఎనిమిది నెలలపాటు రోజూ బస్సెక్కించి, హనుమాన్ జంక్షన్‌లో దింపి, సాయంత్రం మళ్ళీ భద్రంగా ఊరు చేర్చాడు. మీరు పుస్తకం మూసేసే లోపల కొంచెం సవరించుకుంటాను. చచ్చిపోయినవాళ్ళు నలుగురే. మిగతా పదిమందీ ఊరు వదిలి వెళ్ళిపోయినవాళ్ళు. ఎనిమిది నెలలన్నది మాత్రం అక్షరాలా నిజం. ఆ కాగితాల కింద సంతకం నాది.

ఆమోసుకి ఉన్న జబ్బు ఒకటే, తలలు లెక్కపెట్టడం. విజయవాడలో మా బస్సు డిపోలో గణాంకాల గుమాస్తా. నేను అతని మీద సూపర్నెంటుని. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు అతని చూపుడువేలు కదిలేది, తరవాతే నోరు తెరుచుకునేది. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం ఎలా ఉందని అడిగితే, "మొదలుపెట్టినప్పుడు నూటపన్నెండండి, ముగించేసరికి తొంభై ఏడు. పదిహేనుమంది మధ్య స్టేజీల్లో దిగిపోయారండి" అని చెప్పాడు. అతని పెళ్ళిఫోటో ఇప్పటికీ వాళ్ళ ముందుగదిలో ఉంది. పెళ్ళికూతురు హన్నా సిగ్గుపడి నేల చూస్తుంటే, పెళ్ళికొడుకు వేలెత్తి జనాన్ని చూపిస్తుంటాడు.

"ఆ రోజు నన్ను లెక్కలో వేశారో లేదో కనుక్కోండి అన్నయ్యగారూ" అని హన్నా నాకు కాఫీ ఇచ్చినప్పుడల్లా అడిగేది.

"నువ్వు స్టాఫు. స్టాఫుని లెక్కలో వెయ్యరు" అనేవాడు ఆమోసు.

వాళ్ళమ్మ పోయినప్పుడు పరామర్శకి వెళ్ళాను. అప్పుడే సమాధుల తోట నుంచి తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూసి, "వెళ్ళేటప్పుడు నలభై రెండుమందిమండి. వచ్చేటప్పుడు నలభై ఒకటి" అని కండువాతో మొహం కప్పుకున్నాడు. అతనికి వచ్చిన ఏడుపు అదే.

2003లో మా డిపోకి కంప్యూటరూ, దాంతోపాటు ఒక సాఫ్ట్‌వేరూ వచ్చాయి. ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు అని కండక్టర్లు రాసిచ్చిన కాగితాలు చూసి ఆమోసు అందులో కొట్టాలి. పాసులున్నవాళ్ళయితే పాసు నంబరు కూడా కొట్టాలి. నెలాఖరుకి అది ప్రతి బస్సులోనూ నూటికి ఎన్ని సీట్లు నిండాయో తేల్చి, నలభైకి తక్కువైన రూటుని ఎర్రగా చూపించేది. ఎర్రబడిన రూటుకి హైదరాబాదు నుంచి ఒక్క వాక్యం ఉత్తరువు వచ్చేది. బస్సు రద్దు.

ఆమోసు ఆ సాఫ్ట్‌వేర్‌కి భక్తుడైపోయాడు. దానికి పట్టింపులెక్కువ. ఎక్కినవాళ్ళకంటే దిగినవాళ్ళు ఎక్కువైతే ఒప్పుకునేది కాదు. ఒకసారి ఉయ్యూరు బస్సులో ఒకావిడ దారిలోనే ప్రసవించింది. ఆ బిడ్డ ఏ స్టేజీలో ఎక్కినట్టో తేలక ఆమోసు మూడు రోజులు ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. ఏదో ఒకటి వేసెయ్యవయ్యా అన్నాను. అబద్ధం ఎలా వేస్తానండీ అన్నాడు.

ఆ మాటే తరవాత అతని గొంతుకి అడ్డం పడింది.

కొల్లేటి ఒడ్డున గుమ్మడిలంక అని జాలర్ల ఊరు. అక్కడి నుంచి పెద్ద రోడ్డెక్కాలంటే ఆరు కిలోమీటర్లు మట్టికట్ట మీద నడవాలి. ఆ ఊరికి మాది ఒక్కటే బస్సు, పొద్దున్న ఆరూ పదికి. హనుమాన్ జంక్షన్ మీదుగా విజయవాడ వచ్చి సాయంత్రం తిరిగి వెళ్ళేది. కండక్టరు లెక్క సరిచూడ్డానికి ఆమోసు నెలకోసారి అందులో వెళ్ళేవాడు. వెళ్ళినప్పుడల్లా కొండలయ్య పక్కన కూర్చునేవాడు. కొండలయ్యకి పడవ ఇంజనులో పడి నాలుగు వేళ్ళు పోయాయి, వికలాంగుల పాసుండేది. ఆపైన క్షయ. వారానికి మూడు రోజులు జంక్షన్ ఆసుపత్రికి వెళ్ళి, నర్సు కళ్ళముందు మాత్రలు మింగి రావాలి. నడిచి వెళ్ళే ఊపిరి లేదు.

కొల్లేట్లో చేపల చెరువులు సర్కారువాళ్ళు కొట్టేసిన ఏడాది పనుల్లేక జనం ఊళ్ళు ఖాళీ చేశారు. ఆ నెల గుమ్మడిలంక బస్సుకి సగటున పంతొమ్మిది మంది తేలారు. యాభై సీట్ల బస్సుకి ఇరవై ఉండాలి.

"ఇరవై వేసెయ్యి ఆమోసూ, ఒక్క తలే కదా" అన్నాను.

"పంతొమ్మిదేనండి. నేను స్వయంగా లెక్కపెట్టాను."

బస్సు ఆగిపోయింది. ఊరివాళ్ళు అర్జీలు పట్టుకుని తిరిగితే ఏడు వారాల తరవాత మళ్ళీ వేశారు. ఆ ఏడు వారాలూ కొండలయ్య మాత్రలు మింగలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు గాని అవి పనిచెయ్యలేదు. సెప్టెంబరులో పోయాడు.

ఆమోసూ నేనూ వెళ్ళాం. కట్ట మీద శవం వెనక నడుస్తూ నేను అతని చెయ్యి చూస్తూనే ఉన్నాను. చూపుడువేలు కదల్లేదు. ఎంతమంది వచ్చారని మర్నాడు పొద్దున్న తిరుగుబస్సులో నేనే అడిగాను. "చూడలేదండి" అన్నాడు. పక్కసీట్లో జంక్షన్ ఆసుపత్రికి బయల్దేరిన కొండలయ్య భార్య వీరమ్మ దగ్గుతూనే ఉంది.

మూడు వారాల తరవాత కంప్యూటరులో కొండలయ్య పాసు నంబరు నా కంటబడింది.

"ఆమోసూ, కొండలయ్య పోయాడు కదయ్యా."

"పోయాడండి."

"మరి నిన్న బస్సెక్కాడేం?"

ఆమోసు తల ఎత్తలేదు. "ఈ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కినవాళ్ళకి గడి ఉందండి, దిగినవాళ్ళకి గడి ఉంది. పోయినవాళ్ళకి లేదు." కండక్టరు కాగితం తిరగేసి మళ్ళీ అన్నాడు. "వీరమ్మకి కూడా అదే జబ్బని తేలిందండి. సోమవారం మాత్రలు మొదలుపెట్టారు. వారానికి మూడు చొప్పున ముప్ఫై అయిదు వారాలు. నూట అయిదు రోజులు. ఇవాళ్టికి రెండయ్యాయి."

మా కాన్వెంటులో సిస్టర్లు పాపాలని చిన్నవీ పెద్దవీ అని రెండుగా విడదీసి నేర్పారు. ఇది ఏ రకమో నాకు ఇవాళ్టికీ తేలలేదు. సంతకం మాత్రం పెట్టేశాను.

అబద్ధం ఆడటంలో అంత అవస్థపడిన మనిషిని నేను చూడలేదు. లేనివాళ్ళని పుట్టించడం ఆమోసుకి చేతకాదు. వలసలు ఆగక నిజంగా బస్సెక్కేవాళ్ళు అప్పటికి ఎనిమిదిమందే మిగిలారు. పాసుల రిజిస్టరు తీసి, పోయినవాళ్ళనీ వలసపోయినవాళ్ళనీ పద్నాలుగుమందిని ఏరాడు. పాసువాళ్ళయితే డబ్బు లెక్కతో పేచీ ఉండదు. వాళ్ళని వాళ్ళ అలవాట్ల ప్రకారమే నడిపేవాడు. బడిపిల్లలు ఆదివారాలు ఎక్కేవాళ్ళు కాదు. కొండలయ్య ఎప్పుడూ జంక్షన్ దాటేవాడు కాదు. మార్చిలో ఒకరోజు ఆమోసు దిగాలుగా కూర్చున్నాడు. ఏమిటయ్యా అని అడిగాను. "శౌరమ్మగారు ఈస్టరు ముందు శ్రమదినాల్లో శుక్రవారం బస్సెక్కేది కాదండి. మరిచిపోయి మొన్న ఎక్కించేశాను" అన్నాడు. శౌరమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు.

ఇంత నిజాయితీగా అబద్ధమాడితే ఎవరి కంటో పడక తప్పదు. హైదరాబాదు నుంచి సాయిగణేష్ అని ఒక కుర్ర ఆఫీసరు దిగాడు. గుమ్మడిలంక పట్టిక నా బల్ల మీద పరిచాడు. మా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఇంత క్రమం తప్పని ప్రయాణికులు ఇంకెక్కడా లేరండి. అందులో ఈ కొండలయ్యగారు వారానికి మూడు రోజులు, ఆరునెలలుగా ఒక్కటి మానలేదు. ఈ మనిషికి సన్మానం చెయ్యాలి" అన్నాడతను.

పోయినవాళ్ళకి జ్వరాలు రావు, పెళ్ళిళ్ళకి వెళ్ళరు. క్రమశిక్షణలో వాళ్ళని మించినవాళ్ళెవరు? వద్దని చెప్పడానికి మేం కారణాలు వెతికేలోపే గవర్నర్‌పేటలో ఒక లాడ్జి హాలు మాట్లాడి, ఉత్తమ ప్రయాణికుడికి శాలువా కొనేశాడు. వీరమ్మకి అప్పటికి డెబ్బై తొమ్మిది రోజులయ్యాయి, ఇంకా ఇరవై ఆరున్నాయి. కొండలయ్య సంగతి బయటపడితే బస్సు మర్నాడే ఆగుతుంది. మా ఉద్యోగాల సంగతి ఆమోసుకి గుర్తు లేదు, నాకు బాగా గుర్తుంది.

సభకి వీరమ్మ ఒక్కతే వచ్చింది. ఆవిడకి మేము చెప్పింది ఒక్కటే, అబద్ధం చెప్పొద్దు, నిజమూ చెప్పొద్దు. సాయిగణేష్ మైకులోనే అడిగాడు, కొండలయ్యగారు రాలేదేమండీ అని.

వీరమ్మ ఆమోసు వైపు ఒకసారి చూసింది. "ఆయన ఉన్నచోటి నుంచి లేవడు బాబూ. అందుకని నేనొచ్చాను."

"పెద్దవాళ్ళు కదా, పాపం. ఇలాంటివాళ్ళు డిపోకి వందమంది ఉంటే మనకి ఏ దిగులూ ఉండదు" అన్నాడు సాయిగణేష్. జనం చప్పట్లు కొట్టారు. వీరమ్మ భుజాల మీద శాలువా పడింది. నా పక్కన ఆమోసు చూపుడువేలు కదిలింది, సెప్టెంబరు తరవాత మొదటిసారి.

"హాల్లో అరవై ఒకటండి" అన్నాడు చెవిలో. "ఆయనతో అరవై రెండు."

మే నెల చివర్లో నూట అయిదో రోజు గడిచింది. క్షయ పోయిందని ఆసుపత్రివాళ్ళు కాగితం రాసిచ్చారు. మర్నాడు గుమ్మడిలంక గడిలో ఆమోసు ఎనిమిది అని కొట్టాడు. పద్నాలుగుమందీ ఒక్కసారే దిగిపోయారు. రూటు ఎర్రబడింది, ఉత్తరువు వచ్చింది, బస్సు ఆగింది.

"ఇంకొన్నాళ్ళు నడపకపోయావా?" అన్నాను.

"ఇప్పుడావిడ రోడ్డుదాకా నడవగలదండి."

"మిగతా ఏడుగురూ?"

"వాళ్ళు ముందునుంచీ నడవగలరండి. వాళ్ళకోసం అబద్ధం ఎలా వేస్తానండీ?"

మొన్న క్రిస్మస్‌కి వాళ్ళింట్లో భోజనం చేస్తూ ఇదంతా అతనికి చదివి వినిపించాను. ఇద్దరం రిటైరై ఏళ్ళయింది. కంచంలో కొర్రమేను పులుసు. ప్రతి క్రిస్మస్‌కీ ఆ చేప కొల్లేటి నుంచి వస్తుంది, తెచ్చిన మనిషే వండుతుంది. ఆమోసు ఒక వేలితో నా కాగితాలు లెక్కపెడుతూ చివరిదాకా విన్నాడు. వంటింట్లోంచి హన్నా కేకేసింది.

"ఏమండీ, పులుసులో ఉప్పు సరిపోయిందా అని వీరమ్మ అడుగుతోంది."

"సరిపోయిందని చెప్పు" అని నావైపు తిరిగాడు ఆమోసు. "మొత్తం అబద్ధమండి. నేను ఒక్క తల కూడా ఎక్కువ వెయ్యలేదు. గుమ్మడిలంకకి అసలు బస్సే లేదు. ఆ వీరమ్మ ఎవరో నాకు తెలియదు."