అంచు కోసిన పటం

"పటం మీద పేరు లేదంట! ఏడు లేదంట! 'ఇది మీ దిబ్బేనని నమ్మకమేంటి పెద్దాయనా' అంటాడు ఆ సారు. నమ్మకమా? దిబ్బెక్కి నడవ్వయ్యా, కాలికి పెంకులు గుచ్చుకుంటయ్, అదీ నమ్మకం!"

నేను గడప దాటేసరికే చలమయ్యగారు అందుకున్నారు. పొద్దున పొదిలిలో మండలాఫీసుకు వెళ్లి అప్పుడే తిరిగొచ్చినట్టున్నారు. అద్దం కట్టిన పటం ఒకటి ఇంకా చంకలోనే ఉంది.

ఈ తిరుగుడంతా ఊరి పడమటున్న పాటిదిబ్బ కోసం. ఎన్నడో జనం కాపురమున్న చోటది. బూడిద కలిసిన ఆ మన్ను మిరపకు బలమని నాలుగు రోజులుగా ట్రాక్టర్లతో తోలుతున్నారు. పూసలూ, పెంకులూ, మూరెడేసి ఇటుకలూ మన్నుతోపాటే చేలల్లోకి పోతున్నాయి. వందేళ్ల కిందట ఒక దొర ఆ దిబ్బను కొలిచి గీసిన ఆ పటం చూపిస్తే తవ్వకం ఆపిస్తారని ఈయన ఆశ.

చలమయ్యగారు ముప్పై రెండేళ్లు లారీ నడిపారు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. తోటి డ్రైవర్లు పేకాడుతుంటే ఈయన పాత పుస్తకాల వాళ్ల దగ్గర కూర్చునేవారు. చదివింది ఎనిమిదో తరగతి. నిఘంటువు ఒళ్లో పెట్టుకుని, పురావస్తు తవ్వకాల పుస్తకాలను రోజుకో పేజీ చొప్పున నమిలారు. నాదీ అలాంటి చదువే కాబట్టి మా ఇద్దరికీ కుదిరింది. సీటు కింద టిక్కీల ఘాటులో ప్రయాణం చేసిన పుస్తకాలు కదా, ఇప్పటికీ ఏది తెరిచినా ముందు తుమ్మొస్తుంది.

గోడల నిండా ఐరోపా వాళ్లు అచ్చేసిన పాత పటాలే. ఒక డచ్చి పటంలో మన రేవులన్నీ వరసగా ఉంటాయి. లోపలి నేల గురించి ఏమీ తెలియక ఆ పటం వేసినవాడు అక్కడో ఏనుగును గీశాడు. "మన పత్తిచేలో నిలబడింది చూడు" అని నవ్వడం ఆయనకు సరదా. ఈరోజు అటు చూడనైనా లేదు.

"ఆ సారుది తప్పేముంది?" లోపల్నుంచి వస్తూ అన్నారు ఆయన భార్య పేరమ్మగారు. "పేరూ ఏడూ కింద అంచు మీదుండేవి. ఫ్రేములో పట్టలేదని నా కత్తెర తీసుకుని కోసిందెవరు?"

"నువ్వుండవే!"

"నేనుంటాను. అంచే లేదు."

ఆయన ముఖం కందిపోయింది. పాతికేళ్ల కిందటి సంగతట అది. పుస్తకంలో మడతపెట్టి కుట్టిన ఆ పటాన్ని ఈయనే చించి తీశారు. ఊళ్లో దొరికింది వెంకటేశ్వరస్వామి బొమ్మలకు కట్టే కొలత ఫ్రేము. దానికి సరిపడా చుట్టూ కత్తిరించి, బరువెందుకని పుస్తకాన్ని వదిలించుకున్నారు.

"మా తమ్ముడు వీరాంజనేయులు ట్రాక్టరు మీదనుంచి ఏమన్నాడో తెలుసా? 'అన్నయ్యా, నువ్వు పటం కోశావు, మేం దిబ్బ కోస్తన్నాం, తేడా ఏముందీ' అని! వెధవ! నిజమైతే మాత్రం పెద్దోణ్ని పట్టుకుని అంత మాటంటాడా?"

"ఇంకో ప్రతి దొరకదా బాబాయ్?"

"దొరికింది! అదే కదా నా ఏడుపు! ఆ పుస్తకమే ఇంకోటి గుంటూరులో పాత పుస్తకాలమ్మే అలీ సాహెబు దగ్గరుంది. ఫోన్ చేస్తే, 'పటమే కదా, కోసి పక్కన పెడతా' అంటాడు. 'కొయ్యొద్దు సాహెబూ' అని అరుస్తుంటే లైను తెగింది. మళ్లీ ఎత్తట్లేదు. అతనికి ఆ పని నేర్పింది ఎవరనుకున్నావ్? నేనే! 'పుస్తకం నాకెందుకు, బొమ్మ చించి ఇవ్వు చాలు' అని ఏళ్ల తరబడి చెప్పా. ఇప్పుడు ఏ పుస్తకమొచ్చినా ముందు బ్లేడు తీస్తాడు."

పటాన్ని గోడకానించి, నా వైపు తిరిగారు.

"సారు సోమవారం దాకా గడువిచ్చాడు. నేను కదిలితే వీళ్లు ఇంకో పది ట్రక్కులు తోలతారు. నేనెళ్లి దిబ్బ మీద కూర్చుంటా. నువ్వు రెండున్నర బస్సుకు గుంటూరెళ్లు. బేరం గీరం తర్వాత, ముందు అతని చేతిలో బ్లేడు లాక్కో. పటం పుస్తకంలోనే ఉండాలి, అంచుతో సహా ఉండాలి. దార్లో మడత విప్పి చూడమాక. లే, ఇంకా కూర్చున్నావేంటి?"