ఐదు ఎర్ర గీతలు

సైకిల్ చక్రాల వంకర తీయడంలో మేస్త్రికి ఆ వీధిలో సాటి లేరు. చక్రాన్ని స్టాండుకు తగిలించి తిప్పి, అది ఎక్కడ వణుకుతోందో కళ్ళు మూసుకుని చెవితో పట్టేవాడు. ఒక చువ్వ బిగిస్తే దాని ఎదుటి చువ్వను కాస్త వదులు చేసేవాడు. ఒక్కదాన్నే బిగించుకుంటూ పోయి చక్రాన్ని చెడగొట్టుకొచ్చిన వాళ్ళను మాత్రం కడిగి పారేసేవాడు.

ఆయనకు అరవై నాలుగో ఏడు నడుస్తుండగా, కలిసి చదువుకున్న దర్జీ కుట్టుమిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పటి నుంచి మేస్త్రి ఒంట్లో భయం అద్దెకు దిగింది. పరగడుపున వెల్లుల్లి అన్నాడు. నెల తిరక్కుండా దాన్ని వదిలి నిమ్మరసం పట్టుకున్నాడు. మోకాళ్ళకు మంచిదని ఎవరో అంటే వెనక్కి నడిచి చెత్తడబ్బాను గుద్దుకున్నాడు. కంటినిండా నిద్రపోవడం, వేళకు తినడం మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు. చావు రాకుండా ఒక్క కిటికీ మూసి, తలుపు బార్లా తీసి పెడతాడని భార్య నవ్వేది.

దుకాణానికి ఎదురుగా, మూడో అంతస్తులో అక్క ఉండేది. తల్లి పోయాక ఆయన్ని ఎత్తుకు పెంచింది ఆమే. డెబ్భై ఒకటో ఏట కూడా ఉన్నదేదో ఇంత తిని, మెట్ల మీద పొరుగువాళ్ళతో నాలుగు మాటలాడి, మధ్యాహ్నం ఎండ గోడ మీంచి దిగేలోపు ఒక కునుకు తీసేది. ఆరోగ్యానికి ఆమె ఏ నియమమూ పెట్టుకోలేదు. అది ఆయనకు నిర్లక్ష్యంలా కనిపించేది. ఆయన మెట్లెక్కి ఆమె దగ్గరికి వెళ్ళి మాత్రం నెలలవుతోంది. దుకాణం నుంచే చెయ్యి ఊపేవాడు.

ఉప్పు మానేసి, రోజుకు ఐదు లీటర్ల నీళ్ళు తాగితే ముసలితనం దరిచేరదని ఈసారి దుకాణానికొచ్చిన ఒక గిరాకీ చెప్పాడు. మేస్త్రి పెద్ద సీసా కొని, లీటరుకో గీత చొప్పున ఎర్ర రంగుతో ఐదు గీతలు గీశాడు. మూడు రోజులు తాగాడు. నాలుగో రోజు సీసాను అక్కకిచ్చి, ఉప్పు మాని నీళ్ళు తాగడానికి ఆమె ఒప్పుకునేదాకా చెవినిల్లు కట్టుకుని పోరుపెట్టాడు. ఇక ప్రతి సాయంత్రం మూడంతస్తులెక్కి సీసా చూసొచ్చేవాడు. ఆమె ఖాళీ సీసాను బడిపిల్లలా ఎత్తి చూపి నవ్వేది.

నాలుగో వారంలో ఒక ఉదయం అక్క తన గుమ్మం ఏదో తెలియక మెట్ల మీద కూర్చుండిపోయింది. వాంతి చేసుకుంది. పరుగెత్తుకొచ్చిన తమ్ముణ్ణి చూసి, తండ్రి అనుకుని 'నాన్నా' అని పిలిచింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్నీ అడిగింది. తిండిలో, తాగడంలో ఏమైనా మార్పు వచ్చిందా అని రెండుసార్లు అడిగింది. తనకు తెలిసి ఏమీ లేదంది కబురంది వచ్చిన అక్క కూతురు. అక్క కూడా మగతలోనే, "అంతా ఎప్పటిలాగే" అంది. మెదడులో ఏదో అయ్యుండొచ్చని డాక్టరమ్మ అనుమానపడింది. మేస్త్రి కుక్కిన పేనులా గోడవారన నిలబడ్డాడు. నీ ప్రయోగాలు అమ్మ మీద చెయ్యకు మావయ్యా అని మేనకోడలు అంతకుముందే ఒకసారి చెప్పి ఉంది. నిజం నాలుక మీదే ఉంది. నాలుకే కదల్లేదు.

అంతలో నర్సు, పెదాలు ఎండిపోయాయంటూ గ్లాసునిండా నీళ్ళు తెచ్చి అక్క నోటికి అందించబోయింది. మేస్త్రి నర్సు చెయ్యి పట్టుకున్నాడు.

"నీళ్ళు వద్దమ్మా. అవే... నేనే తాగించాను."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఎన్ని లీటర్లో, ఎన్నాళ్ళో డాక్టరమ్మ రాసుకుంది. ఉప్పు మాన్పించిన సంగతీ చెప్పాడు.

"మీరూ తాగుతున్నారా?"

"మూడు రోజులు తాగాను. పని మధ్యలో మాటిమాటికీ లేవాల్సొస్తోందని మానేశాను."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. మేనకోడలు లేచింది. తన కుర్చీని రెండడుగులు అవతలికి జరుపుకుంది. తిట్టినా బాగుండేది.

రక్తంలో ఉప్పు బాగా తగ్గిపోయిందని పరీక్షలో తేలింది. ఒక్కసారిగా పెంచకూడదట, మెల్లమెల్లగా పెంచారు. నాలుగో రోజు సాయంత్రానికి అక్క కళ్ళలోకి అక్క తిరిగొచ్చింది. మేస్త్రి మంచం పక్కన కూర్చుని, క్షమించమనడానికి మాటలు వెతుక్కుంటున్నాడు.

"ఒరేయ్, నీ నీళ్ళ మీద నమ్మకంతో తాగాననుకున్నావా?"

"మరెందుకక్కా?"

"రోజూ పైకొస్తున్నావు కదరా. తాగకపోతే రావడం మానేస్తావేమోనని."

ఇరవై ఆరు సాయంత్రాలు ఆ మెట్లెక్కాడు. గీతలు చూశాడు, దిగిపోయాడు. ఒక్కసారైనా కూర్చున్నాడా? ఎలా ఉన్నావని అడిగాడా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అని అక్కే అడిగింది.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాడు. "లేదు."

"వెళ్ళి తినిరా. తిన్నాక వచ్చి కూర్చో. ఏమీ తేవొద్దు."

లేచి గుమ్మం దాకా నడిచాడు. వీపు మీద ఆమె చూపు చిన్నప్పటి దుప్పటిలా పరుచుకుంది. వెనక్కి తిరిగి ఆ ముఖం చూడాలనుకున్నాడు. చూడలేకపోయాడు.